ఫోనెత్తితే "సార్ ఉన్నారా అమ్మా?" అంటారు

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. గుంటూరులో ఒక సీఏ ఫర్మ్‌లో ఆరేళ్ళు ఉద్యోగం చేసి, నాలుగేళ్ళుగా అక్కడే పార్ట్‌నర్‌గా ఉన్నాను. కంపెనీల ఇన్‌కం టాక్స్ పనంతా నాదే. ఒపీనియన్లు, నోటీసులకు జవాబులు, విదేశీ చెల్లింపుల సర్టిఫికెట్లు, అన్నీ నేనే చూస్తాను. మొన్న మిర్చి ఎగుమతి చేసే ఒక కంపెనీ, మలేషియాలోని ఏజెంటుకు ఇచ్చే కమీషన్ మీద టీడీఎస్ కోయాలా వద్దా అని అడిగితే అయిదు పేజీల ఒపీనియన్ రాశాను. మీటింగ్‌లో మా సీనియర్ గారు దాన్నే చదివి వినిపించారు. ఎండీ గారు ఆయన చెయ్యి పట్టుకుని "మీరుండగా మాకు హైదరాబాద్ ఎందుకండీ" అన్నారు. నాకు కాఫీ ఇచ్చారు. ఆఫీసు ఫోన్ నేనెత్తితే పార్టీలు "సార్ ఉన్నారా అమ్మా?" అనే అడుగుతారు. ఈలోగా ఢిల్లీ నుంచి ఎవరో ఫోన్ చేశారు. "ఉత్తమ కార్పొరేట్ టాక్స్ అడ్వైజర్" అవార్డుకు నన్ను ఎంపిక చేశారట, 85 వేలు కడితే షీల్డు, మ్యాగజైన్‌లో రెండు పేజీలు ఇస్తారట. మావారు "పోతే పోయింది, నీ పేరు నలుగురికీ తెలుస్తుంది, తీసుకో" అంటున్నారు. తీసుకోనా? లేక హైదరాబాద్ వెళ్ళి పెద్ద ఫర్మ్‌లో చేరనా? ఎంత చేసినా ఈ ఊళ్ళో మనకి పేరు రాదా అండీ?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం:

అమ్మా, ముందు ఆ 85 వేల సంగతి తేల్చేద్దాం. వాళ్ళు మళ్ళీ ఫోన్ చేసి "రేపే ఆఖరు తేదీ" అంటారు. కంగారు పడకండి, ఆఖరు తేదీ పొడిగించడం మన డిపార్ట్‌మెంట్ కంటే వాళ్ళకే బాగా వచ్చు.

తీసుకోవద్దు. డబ్బు దండగ అన్నది ఒక్కటే కారణం కాదు. 1949 చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టం మొదటి షెడ్యూల్, మొదటి భాగంలోని ఆరో క్లాజు, ఏడో క్లాజు మీరు పరీక్షకి బట్టీ పట్టే ఉంటారు. పని కోసం పార్టీల వెంట పడొద్దంటుంది ఆరోది. మన ప్రతిభనీ సేవల్నీ ప్రకటనలుగా వేసుకోవద్దంటుంది ఏడోది. కార్డు మీదా లెటర్‌హెడ్ మీదా బోర్డు మీదా యూనివర్సిటీ డిగ్రీ, గుర్తింపున్న సంస్థల సభ్యత్వం లాంటివి తప్పిస్తే "చార్టర్డ్ అకౌంటెంట్" కాక ఇంకో బిరుదు పెట్టుకోవద్దని కూడా అందులోనే ఉంది. "టాక్స్ కన్సల్టెంట్" అని రాసుకోవడానికే వీల్లేని వాళ్ళం, ఈ ఉత్తమ బిరుదుని ఏ గోడకి తగిలిస్తాం? ఎవరికీ చూపించకుండా బీరువాలో పెట్టుకునే షీల్డుకి 85 వేలు ఎక్కువే. వెబ్‌సైట్లూ సోషల్ మీడియా విషయంలో సీఏ ఇన్‌స్టిట్యూట్ ఎప్పటికప్పుడు మార్గదర్శకాలు మారుస్తుంటుంది కాబట్టి, ఏం పెట్టాలన్నా ముందు తాజా ప్రతి ఒకసారి తిరగేయండి.

అన్ని గుర్తింపులూ అమ్ముడు సరుకే అనను. టాక్స్ సలహాదారులకు ర్యాంకులిచ్చే డైరెక్టరీల్లో పద్ధతైనవీ ఉన్నాయి. అవి మీరు చేసిన పనుల వివరాలు అడుగుతాయి, మీ పార్టీలతో నేరుగా మాట్లాడతాయి. ముందు పార్టీకి ఫోన్ వెళ్ళిందా, మీకు ఇన్‌వాయిస్ వచ్చిందా చూసుకుంటే చాలు, ఎవరు ఎలాంటివాళ్ళో తెలిసిపోతుంది.

ఇక మీ సీనియర్ గారు. మీ ఉత్తరంలో ఆయన మీద కోపం కంటే మనసు కష్టపెట్టుకోవడమే ఎక్కువ కనపడింది. ఆయన దొంగతనం చేశారని నేననుకోను. మా తరం అంతా అలాగే పెరిగింది. రాసేది జూనియర్, మాట్లాడేది సీనియర్. గవర్నర్‌పేటలో మా సీనియర్ గారి దగ్గర పదకొండేళ్ళు నేను అప్పీళ్ళు రాశాను, ఒక్క పార్టీకి కూడా ఆయన నా పేరు చెప్పలేదు. తర్వాత నా జూనియర్ల దగ్గర నేనూ అదే చేశాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు అరవై దాటాల్సి వచ్చింది.

అందుకని ఆయనతో పంచాయితీ పెట్టుకోకండి. వచ్చే మీటింగ్‌కి కారులో వెళ్తూ "సార్, టీడీఎస్ భాగం నేను చెప్తాను, ఎక్కడైనా తడబడితే మీరందుకోండి" అనండి. ఆయన కాదనరు, లోపల్లోపల సంతోషిస్తారు కూడా. ఎందుకో మీకు తెలీదు, నాకు తెలుసు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది కదా, కొత్త నంబర్లు మా వయసు వాళ్ళకి నోటికి రావడం లేదు. 80సీ పోయి 123 అయింది. 194 పక్కన తోకల్లా వేలాడిన అక్షరాలన్నీ పోయాయి. జీతాల టీడీఎస్ 392లో, విదేశీ చెల్లింపులకు మీరు వాడే 195తో సహా మిగతావన్నీ 393లో పట్టికలై కూర్చున్నాయి. ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్ అని ఆర్టికల్స్ పిల్లలకి నేర్పడానికే నెల పట్టేది, ఇప్పుడు ఒక్క ట్యాక్స్ ఇయర్ మిగిలింది. సెక్షన్ నంబరు టకీమని చెప్పి పార్టీని హడలగొట్టే విద్య మా దగ్గర నుంచి జారిపోయింది. పాత సంవత్సరాల అసెస్‌మెంట్లూ అప్పీళ్ళూ 1961 చట్టం కిందే నడుస్తాయి కాబట్టి ఇంకా చాలా ఏళ్ళు రెండు చట్టాలూ తెలిసినవాళ్ళు కావాలి. మీ వయసుకి ఆ రెండూ పట్టుబడతాయి. ఇలాంటి అవకాశం నా సర్వీసులో నాకు రాలేదు.

ఇంకో చిన్న పని. విదేశీ చెల్లింపులకు మనం ఇన్నాళ్ళూ 15సీబీ అని పిలిచిన సర్టిఫికెట్ మీరు తయారు చేస్తే మీరే సంతకం పెట్టండి. ప్రతి సర్టిఫికెట్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు, యూడిన్, మీ మెంబర్‌షిప్ నంబరు మీద పుడుతుంది. బాధ్యతా మీదే అవుతుంది, ఆ భయం మంచిదే.

మీ ఒపీనియన్ నేను చదవలేదు. కానీ ఏజెంటు కమీషన్ అనగానే నాకు చెయ్యి దురద పెడుతుంది, ఎందుకంటే ఈ ప్రశ్న మీ ఊరిదే. గుంటూరు పొగాకుని జపాన్‌లో, ఫ్రాన్స్‌లో అమ్మిపెట్టిన విదేశీ ఏజెంట్లకి ఇక్కడి ఎగుమతిదారు తన పుస్తకాల్లో కమీషన్ జమ రాసి, తర్వాత డబ్బు పంపాడు. జమ పడింది గనక ఇండియాలో ముట్టినట్టే, పన్ను కట్టమంది డిపార్ట్‌మెంట్. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. టోషోకు అనే జపాన్ కంపెనీ పేరుతో 1980లో తీర్పు వచ్చింది. ఖాతాలో జమ రాయడం అంటే డబ్బు ముట్టడం కాదు, ఏజెంటు పని అంతా దేశం బయటే చేశాడు, కాబట్టి ఆ కమీషన్ ఇక్కడ పుట్టిన ఆదాయం కాదు అంది కోర్టు. ముంబైలో, ఢిల్లీలో ఒపీనియన్లు రాసేవాళ్ళు ఈ రోజుకీ టోషోకు అనకుండా ఈ విషయం ఎత్తరు. అది మన పొగాకు బేళ్ళ వ్యవహారమని వాళ్ళలో ఎంతమందికి తెలుసో!

ఆ ఒక్క తీర్పు పెట్టి రెండు పేరాల్లో "కోయనక్కర్లేదు" అని తేల్చేసిన ఒపీనియన్లు బోలెడు చూశాను. కొందరైతే ఇలాంటి కమీషన్ మీద కోత అక్కర్లేదన్న 2000 నాటి 786 సర్క్యులర్ చూపిస్తారు. దాన్ని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2009 అక్టోబరులో 7వ నంబరు సర్క్యులర్‌తో వెనక్కి తీసేసుకుంది, అది వాళ్ళకి తెలీదు. తెలిసినవాళ్ళు అక్కడ ఆగుతారు. సర్క్యులర్ పోయినా తీర్పు పోలేదని రాస్తారు. పన్ను పడే మొత్తమైతేనే 195 కింద కోత అని 2010లో జీఈ ఇండియా టెక్నాలజీ సెంటర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది పక్కన చేరుస్తారు. అడ్వాన్స్ రూలింగ్స్ అథారిటీ మనకి వ్యతిరేకంగా ఇచ్చిన రూలింగులు ఉన్నాయన్నదీ దాచరు. అవన్నీ అయ్యాక అసలు కాగితం, అంటే ఏజెంటుతో రాసుకున్న అగ్రిమెంటు అడుగుతారు.

ఆ అగ్రిమెంటులో ఏజెంటు ఆర్డర్లు తేవడమొక్కటే ఉందా? లేక మార్కెట్ సర్వే చేసి రిపోర్టు ఇస్తాడనో, సరుకు నాణ్యత పరీక్షించి సలహా ఇస్తాడనో ఎక్కడో ఒక లైను ఉందా? ఉంటే, ఇది కమీషన్ కాదు, టెక్నికల్ సర్వీసు ఫీజు అనే వాదన లేస్తుంది. ఆ ఫీజుకి పని ఎక్కడ చేశారన్నది చూడక్కర్లేదని 2010 ఫైనాన్స్ చట్టంతో వివరణ చేర్చారు. అప్పుడు మలేషియాతో మనకున్న పన్ను ఒప్పందం తీయాలి, ఏజెంటు దగ్గర అక్కడి రెసిడెన్సీ సర్టిఫికెట్ ఉందా చూడాలి, ఇక్కడ ఆఫీసేమీ లేదన్న డిక్లరేషన్ తీసుకోవాలి. తేడా వస్తే, 1961 చట్టమైతే 40(ఏ)(ఐ) కింద, ఆ ఖర్చే తోసేస్తారు. ఆ లైను కంపెనీ వాళ్ళు కావాలని రాసింది కూడా అయ్యుండదు. ఏదో ఫార్మాట్‌లోంచి ఎవరో గుమాస్తా కాపీ కొట్టి ఉంటాడు.

మీరు ఆ లైను కోసం వెతికారా? వెతికి ఉంటే ఆ విషయం ఎండీ గారికి తెలీదమ్మా. తెలిసే దారి కూడా లేదు. ఆయనకి కావలసింది కోయాలా వద్దా అన్న ఒక్క మాట, అది ఎవరి నోట వినపడితే వాళ్ళ చెయ్యి పట్టుకుంటారు. డాక్టరు బాగా కుట్లు వేశాడో లేదో పేషెంటుకి తెలీదు, ఇంకో డాక్టరుకి తెలుస్తుంది. మీ అయిదు పేజీల విలువ కూడా ఇంకో పన్ను మనిషి చదివినప్పుడే తెలుస్తుంది. ఆ కంపెనీ స్టాట్యుటరీ ఆడిటర్ మీ ఫర్మ్ కాకపోతే, మార్చి తర్వాత ఆయన ఆ కాగితం అడిగి చదువుతారు. రేపు స్క్రూటినీ వస్తే ఆఫీసరు చదువుతారు. పైకి వెళ్తే అడ్వకేటు చదువుతారు. "ఇది రాసిందెవరు?" అని వాళ్ళు అడిగిన రోజు నుంచి మీ లెక్క మొదలవుతుంది. నా ప్రాక్టీసులో చెప్పుకోదగ్గ పనుల్లో సగానికి పైగా పార్టీలు తెచ్చినవి కావు, తోటి ఆడిటర్లు పంపినవే.

ఫేస్‌లెస్ వచ్చాక ఇది ఇంకా ముదిరింది. 2020 ఆగస్టులో అసెస్‌మెంట్లూ, సెప్టెంబరులో మొదటి అప్పీళ్ళూ ముఖాలు లేకుండా జరగడం మొదలైంది. అంతకుముందు ఆఫీసరుతో పదిహేనేళ్ళ పరిచయం ఉండటం కూడా ఒక నైపుణ్యంగానే చెలామణీ అయ్యేది. "ఆయన వెళ్తే పనవుతుంది" అన్నదే బిరుదు. ఇప్పుడు గుంటూరు జిన్నింగ్ మిల్లు ఫైలు ఏ ఊళ్ళో ఏ యూనిట్ చదువుతుందో ఎవరికీ తెలీదు. చదివేవాళ్ళకి రాసింది ఆడో మగో, బ్రాడీపేటో ముంబైయో తెలీదు. "సార్ ఉన్నారా అమ్మా" అని అడిగే వీలు వాళ్ళకి లేదు.

ఆ ఫోన్ గురించి. "సార్ ఉన్నారా?" అంటే "ఉన్నారండీ, మీ ఫైలు నేనే చూస్తున్నాను, విషయం చెప్పండి" అనండి. మొదట్లో నీళ్ళు నములుతారు, నాలుగోసారికి చెప్తారు. ఫోన్ పెట్టేశాక అక్కడితో వదిలేయకండి. మన ఊళ్ళలో సలహా అంటే ఫోన్లో ఊరికే వచ్చేది. దానికి పేరూ ఉండదు, ఫీజూ ఉండదు. తేడా వస్తే మాత్రం "ఆడిటర్ గారే చెప్పారు" అంటారు. సాయంత్రం లోపల అరపేజీ మెయిల్ పంపండి. మీరు ఇలా జరిగిందని చెప్పారు, దాని మీద నా అభిప్రాయం ఇది, ఫలానా కాగితం లేకపోతే ఇది మారుతుంది అని రాసి కింద మీ పేరు పెట్టండి. ఏడాది తిరిగేసరికి కంపెనీ అకౌంట్స్ మేనేజర్ దగ్గర మీ పేరుతో ఒక ఫోల్డర్ తయారవుతుంది. పార్టీలో ఎవరు మారినా ఆ ఫోల్డర్ అక్కడే ఉంటుంది.

తప్పు జరిగినప్పుడు కూడా అలాగే రాయండి. నా కథ చెప్తాను, గొప్ప కోసం కాదు. 22 శాతం పన్ను రేటు వచ్చిన మొదటి సంవత్సరం, అంటే 2020–21 అసెస్‌మెంట్ ఇయర్. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పార్టీ, రెండు కోట్ల ఆదాయం ఉన్న చిన్న కంపెనీ. రిటర్న్‌లో ఆ రేటు ఇచ్చే 115బీఏఏ సెక్షన్ ఎంచుకున్నాం, సకాలంలో వేశాం. దానితో పాటు వేయాల్సిన 10-ఐసీ ఫారం మా ఆఫీసులో ఎవరమూ వేయలేదు. సెస్సూ సర్‌చార్జీ కలిపి 50,33,600 అనుకున్న పన్నుని బెంగళూరులో రిటర్న్‌లు ప్రాసెస్ చేసే కేంద్రం 25 శాతం రేటుతో 55,64,000 చేసి పంపింది. తేడా 5,30,400, వడ్డీ అదనం. ఆ సాయంత్రమే వెళ్ళి తప్పు మాదని చెప్పి, అదే మాట మెయిల్లో కూడా పెట్టాను. నెల రోజులు ఆయన నా ఫోన్ ఎత్తలేదు. 2022 మార్చిలో బోర్డు 6వ నంబరు సర్క్యులర్ ఇచ్చింది. రిటర్న్ గడువులో వేసి, అందులో ఆ ఆప్షన్ ఎంచుకున్నవాళ్ళు జూన్ 30 లోపల ఫారం వేసుకోవచ్చంది. బతికిపోయాం. ఆ పార్టీ నన్ను మానలేదు సరికదా, వాళ్ళ వియ్యంకుడి కంపెనీ ఫైలు కూడా పంపించాడు. ఏమని చెప్పి పంపాడో నేనడగలేదు.

హైదరాబాద్ అన్నారు. ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్, అంటే ఒకే గ్రూపు కంపెనీల మధ్య ధరలు తేల్చే పని, లాంటిది మన దగ్గర చేతికి రాదు, రెండు మూడేళ్ళు నేర్చుకుని వస్తానంటే వెళ్ళండి. పేరు కోసమైతే వద్దు. అక్కడ రిపోర్టు నలభై పేజీలుంటుంది, అందులో మీరు రాసింది పన్నెండు పేజీలు, సంతకం మళ్ళీ పార్ట్‌నర్ గారిదే. కాఫీ మాత్రం మెషీన్‌ది.

గుంటూరులో ఉంటే గుంటూరు సరుకు పట్టుకోండి. కోల్డ్ స్టోరేజీ కంపెనీల సంగతే చూడండి. 1961 చట్టంలో 35ఏడీ కింద భూమి తప్ప కట్టడం ఖర్చు దాదాపు అంతా మొదట్లోనే తీసేయవచ్చు. కానీ 22 శాతం దారి పడితే ఆ సౌకర్యం లేదు. 35ఏడీ నష్టాన్ని మామూలు వ్యాపార లాభంలో కలుపుకోనివ్వరు, అలాంటి ప్రత్యేక వ్యాపారాల లాభంతోనే సర్దుకోవాలి. పోనీ పాత దారిలోనే ఉందామంటే పుస్తకాల్లో కనపడే లాభం మీద కనీస పన్ను, అదే మ్యాట్, వచ్చి పడుతుంది. బ్యాంకు లోను తీరే పదేళ్ళకీ ఏ దారి లాభమో వరసగా లెక్క వేసి చూపించేవాళ్ళు మీ ఊళ్ళో ఎంతమంది ఉన్నారు? ఊరి చుట్టూ కోల్డ్ స్టోరేజీలే. కొత్త చట్టంలో ఆ లెక్క మళ్ళీ మొదటి నుంచి వేయాలి, ఎవరో ఒకరు వేస్తారు. మిర్చి యార్డు కమీషన్ వ్యాపారుల సంగతీ అంతే. రైతు సరుకు అమ్మిపెట్టి కమీషన్ మాత్రం తీసుకునే కచ్చా అర్హతియాకి టాక్స్ ఆడిట్ కోసం టర్నోవర్ అంటే కమీషన్ ఒక్కటే అని 1986 నాటి 452 సర్క్యులర్ చెప్పింది. అమ్మిన సరుకు విలువంతా టర్నోవర్‌గా చూపించి ఊరికే ఆడిట్ చేయించుకునేవాళ్ళు ఇప్పటికీ కనపడుతున్నారు. ఇలాంటి ఒక్క విషయం మీద గుంటూరు బ్రాంచిలోనో విజయవాడ బ్రాంచిలోనో అరగంట మాట్లాడతానని అడగండి. వక్తలు దొరక్క వాళ్ళూ ఇబ్బంది పడుతుంటారు. పార్టీల పేర్లు రాకుండా, ఫర్మ్ ప్రచారం లేకుండా అదే విషయాన్ని వ్యాసంగా రాయండి. తెలుగులో రాస్తే యార్డులో కూడా చదువుతారు.

ఇంకొక్కటి. మన అప్పీళ్ళు విశాఖపట్నం ట్రిబ్యునల్ బెంచికి వెళ్తాయి. అక్కడి దాకా వాదించే హక్కు సీఏలకు ఉంది, హైకోర్టుకి వెళ్తేనే అడ్వకేటు కావాలి. ఇంతవరకు మీరు పేపర్ బుక్ కట్టి సీనియర్ గారి చేతికి ఇచ్చి ఉంటారు. ఈసారి చిన్న కేసు ఒకటి, నష్టపోయినా పార్టీకి పెద్దగా తగలనిది, మీరే తీసుకుని రాత్రి బండికి వెళ్ళండి. పొద్దున పదిన్నరకి బెంచి ముందు నిలబడితే మొదటి పది నిమిషాలు గొంతు ఎండిపోతుంది, నాకూ ఎండింది. మంచినీళ్ళ సీసా దగ్గర పెట్టుకోండి. ట్రిబ్యునల్ ఆర్డరు మొదటి పేజీలో అసెసీ తరఫున ఎవరు హాజరయ్యారో పేరు అచ్చవుతుంది. దానికి ఎవరూ 85 వేలు అడగరు. ఆ పేజీ ఒకటి ప్రింటు తీసి మీవారికి చూపించండి.